నాయనమ్మ మంచం దగ్గర ఎన్ని డెసిబెల్స్?

(ఈ వారం ఎపిసోడ్ మాటల పాఠం ఇది. మాట్లాడింది దుబాయ్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్న మన శ్రోత ఒకరు. డ్యూటీ వల్ల వినడం కుదరని వాళ్ళ కోసం దాదాపు ఆయన మాటల్లోనే రాసి పెడుతున్నాం.)

క్యాంపులో మంచం మీద ఒరిగి వింటున్న అన్నలకు, బస్సులో సైటుకు పోతూ వింటున్న తమ్ముళ్ళకు, బండి పక్కన ఆర్డర్ కోసం నిలబడి వింటున్న డెలివరీ తమ్ముళ్ళకు అందరికీ ఒక మాట. ముందుగా ఒక చిన్న పని చేయండి. చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే సౌండు రెండు గీతలు తగ్గించండి. ఎందుకో తర్వాత చెప్తా.

నాది కోరుట్ల పక్కన పల్లెటూరు. ఐటీఐలో ఫిట్టర్ చేసిన. తర్వాత రెండేళ్ళు టూవీలర్ మెకానిక్ షాపులో పనిచేసి, 2004లో ఇక్కడికి వచ్చిన. హెల్పర్‌గా దిగి, ఫోర్‌మన్ అయి, ఇప్పుడు సూపర్‌వైజర్. నేను ఇంజనీర్ను కాను. కానీ సైలెన్సర్ విప్పిన చేతులు ఇవి, బ్రేకర్ మిషన్ పట్టిన చేతులు కూడా ఇవే. ఈ రెండూ కలిసిన కథ ఒకటి ఈ మధ్య మా ఇంట్లో జరిగింది.

మొన్న ఫిబ్రవరిలో మధ్యాహ్నం బ్రేక్ టైంలో మావాడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టిండు. నలభై సెకన్లు. ఏమన్నా ఆపతి సంపతి అయిందా అని గుండె ఝల్లుమంది. వింటే మాట లేదు, ఉత్త బండి సౌండు. డబ్ డబ్ డబ్ డబ్ అని మొదలై, చివర్లో ఎక్సలేటర్ తిప్పితే ఫోనే పగిలిపోతదా అన్నట్టు. దాని కింద ఒక్క లైను: "ఎట్లుంది బాపు?"

పక్కన కూర్చున్న బిహారీ తమ్ముడు కూడా నవ్విండు. నేనూ నవ్విన. నిజం చెప్పాలంటే బాగనిపించింది. "సూపర్" అని వేలు గుర్తు పెట్టిన.

ఇక్కడ నా తప్పు ముందే ఒప్పుకోవాలె. ఆ సైలెన్సర్‌కు పైసలు పంపింది నేనే, ఏడు వేలు. "పాతది చప్పగుంది బాపు, మార్చుకుంటా" అన్నడు మావాడు. "మంచిగ సౌండుండేది తీస్కో" అన్న నేను. ఎంత సౌండు, ఎవలకు మంచిగ, ఏమీ అడగలే.

ఎందుకు అడగలేదంటే, నేను ఐటీఐ చదివే రోజుల్లో మా దిక్కు ఒక కాంట్రాక్టర్‌కు బుల్లెట్ ఉండేది. చెరువు కట్ట మీదికి వచ్చిందంటే ఊళ్ళోకి వినపడేది. బండి ఇంకా కనపడకముందే హోటల్ కాడ కూసున్నోళ్ళు లేచి నిలబడేటోళ్ళు. నేనేమో సైకిల్ మీద. అప్పుడే అనుకున్న, ఎప్పటికైనా ఇట్లాంటిది కొనాలె అని. ఇరవై ఏళ్ళు పట్టింది. మూడేళ్ళ కిందట సెలవుకు పోయినప్పుడు క్లాసిక్ 350 తీసిన. ఆర్‌సీ నా పేరు మీదనే. నలభై రోజులు తిరిగిన, తాళం మావానికి ఇచ్చి వచ్చేసిన. అంటే బండి మావాడు నడుపుతున్నా, ఆ వాడలో వినపడాలె అని కోరుకున్నది నేను. మనం ఇరవై ఏళ్ళుగా ఆ వాడలో లేం. బండి సౌండన్నా ఉండాలె అనుకున్ననేమో.

మార్చి మొదటి వారంలో నా ఇండియా నంబర్‌కు ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది. చలాన్. శబ్దం ఎక్కువున్న సైలెన్సర్ పెట్టినందుకు 1000 రూపాయలు. ఆర్‌సీ నాది కాబట్టి జరిమానా నా పేరు మీద, నేనేమో జెబెల్ అలీలో కాంక్రీట్ పోయిస్తున్న. మావాడు చేసేది కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపరేషన్. రోజూ పొద్దున ఐదింటికి గ్రౌండుకు పోయి రన్నింగ్ చేస్తడు. పోలీసు అవుదామనుకునేటోడు పోలీసుల చేతిలో చలాన్ తిన్నడు. కోపానికి ఫోన్ చేస్తే మా ఆవిడ ఎత్తింది. చలాన్ సంగతి చెప్తే ఆమె కాసేపు ఊకుంది. తర్వాత అన్నది, "చలాన్ సరే, అత్తమ్మ సంగతి నీకెవరు చెప్పాలె?"

మా అమ్మకు డెబ్బై దాటినయి, బీపీ ఉంది. ముందు గదిలో, కిటికీ పక్కనే మంచం. ఆ కిటికీ అవతలే బండి నిలిపేది. పొద్దున ఐదింటికి మావాడు సెల్ఫ్ కొట్టంగనే ఆమె ఉలిక్కిపడి లేచి కూసుంటదట. "గుండె మీద గుద్దినట్టు అయితంది" అంటదట. ఇరవై రోజుల నుంచి అదే కథ. మావానికి చెప్పలేదు, నాకు చెప్పలేదు. "వానికి ముచ్చటున్నది, ఉండనీ" అన్నదట. ఎదురింట్లో బాలింత ఉంది, ఆ ఇంటోళ్ళు మాతో మాట్లాడటం తగ్గించిండ్రట.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

ఇప్పుడు నా చెవి సంగతి చెప్తా. మొదటి ఆరేళ్ళు నేను బ్రేకర్, గ్రైండర్, కంప్రెసర్ పక్కన పనిచేసిన. అప్పుడు చెవికి ప్లగ్ ఇచ్చినా పెట్టుకునేటోణ్ణి కాదు, చెమటకు దురద అని. కొన్నేళ్ళ కిందట కంపెనీ మెడికల్‌లో చెవి పరీక్ష చేసిండ్రు. కాగితం మీద గీత మంచిగనే పోయి, 4000 హెర్ట్జ్ కాడ గుంతలో పడ్డట్టు కిందికి దిగింది. ఎడమ చెవి మరీ. "చప్పుడుతో పోయిన చెవి ఇట్లనే ఉంటది, తిరిగి రాదు" అన్నడు డాక్టర్. నాకు మనిషి గొంతు వినపడతది. కానీ స, ఫ, త లాంటి అక్షరాలు జారిపోతయి. మగవాళ్ళ మాట తెలుస్తది, మా బిడ్డ సన్నగ మాట్లాడితే తెలవదు. రాత్రి నిశ్శబ్దంగ ఉన్నప్పుడు చెవిలో కీచురాయి కూసినట్టు ఒకటే కూత. ఇంటికి ఫోన్ కుడి చెవితోనే మాట్లాడుతా. ఇరవై ఏళ్ళు ఇల్లంటే మనకు ఫోనులో వచ్చే గొంతే కదా, అందులో సగం నేను పోగొట్టుకున్న. మొదట్లో సౌండు తగ్గించుకోమన్నది అందుకే.

చప్పుడు లెక్క మా సేఫ్టీ ట్రైనింగులో ఇట్లా చెప్తరు. 85 డెసిబెల్స్ అయితే రోజుకు ఎనిమిది గంటలు. 88 అయితే నాలుగు గంటలే. 91కి రెండు, 94కి ఒకటి. 100కు పదిహేను నిమిషాలు. మూడు పెరిగితే టైం సగం. ఎందుకంటే డెసిబెల్ మామూలు లెక్క కాదు, మూడు పెరిగిందంటే చప్పుడులోని శక్తి రెట్టింపు అయినట్టు. చెవికి రెట్టింపుగ అనిపించాలంటే పది పెరగాలె. ఇక్కడనే మోసం ఉంది. ఆరో ఏడో పెరిగితే "కొంచెమే కదా" అనిపిస్తది, లోపల చెవికి నాలుగైదు రెట్ల దెబ్బ.

సరే, బండికి వద్దాం. ఆదివారం సెలవు. మావానితో వీడియో కాల్ పెట్టిన. తిట్టుదామనే పెట్టిన గానీ, వాని మొహం చూస్తే తిట్టబుద్ధి కాలే. "నాయనమ్మ సంగతి నాకు తెల్వది బాపు" అన్నడు. నిజంగనే తెలవదు, వాడు హెల్మెట్ పెట్టుకుని పోతడు, ఆమె లేచి కూసున్న సంగతి వానికెట్ల తెలుస్తది? "సరే బిడ్డా, స్పానర్ పట్టుకరా, లోపల ఏముందో చూద్దాం" అన్న.

ఒంటి సిలిండర్ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పేలుతది. ఆ పేలుడు గాలి బెండ్ పైపులోంచి ఒక్కో ముద్దగా దూసుకొస్తది. సైలెన్సర్ పని ఆ ముద్దలను చదును చేయడం. కంపెనీ సైలెన్సర్ లోపల రెండు మూడు గదులుంటయి, గదికి గదికి మధ్య చిన్న పైపులు. సౌండు ఒక గోడకు తగిలి వెనక్కి వచ్చి, ఎదురొచ్చే సౌండును తినేస్తది. అందుకే అది బరువుంటది. ఫ్రీ ఫ్లో అని అమ్మేదాంట్లో గదులుండవు. నిట్టనిలువు పైపు, దానికి తూట్లు, చుట్టూ గ్లాస్ వుల్. సౌండు ఆ పీచులో దూరి కొంత వేడిగా మారిపోతది. చివర్లో నోటి కాడ ఒక చిన్న జాలీ ముక్క, దాన్ని డీబీ కిల్లర్ అంటరు, ఒక్క బోల్టుతో బిగించి ఉంటది.

మావాని సైలెన్సర్ నోట్లో టార్చి వేసి చూపించమన్న. జాలీ లేదు! "డబ్బాలో ఏమన్నా ముక్క ఉందా చూడు" అంటే, తెచ్చి చూపించిండు, కవర్ కూడా విప్పలే. షాపాయన బిగించేటప్పుడే దాన్ని పక్కన పెట్టేసిండు. ఎందుకంటే షాపు ముందర స్టార్ట్ చేసి చూపించినప్పుడు కొనేటోని మొహం వెలగాలె కదా. నేను కూడా మెకానిక్ షాపులో చేసినోణ్ణే, ఆ కిటుకు నాకు తెలియంది కాదు. కాబట్టి తమ్ముళ్ళూ, ఇంటికాడ ఎవరన్నా సైలెన్సర్ కొంటే మొదట అడగాల్సింది జాలీ ఉందా, బిగించిండ్రా అని.

డబ్బా మీద స్టిక్కర్ ఉంది, "95 డీబీ". మావాడు అదే చూపించి "లీగలే అన్నడు బాపు" అన్నడు. దూరం రాయని డెసిబెల్ అంకెకు విలువ లేదు. చప్పుడు ఎక్కడ నిలబడి కొలిచిండ్రు? అర మీటర్లోనా, ఏడు మీటర్లలోనా? ఖాళీ జాగాలో దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ తగ్గుతది. అర మీటర్ నుంచి ఒకటి, ఒకటి నుంచి రెండు, రెండు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఎనిమిది. నాలుగు రెట్టింపులకు 24 తగ్గింది. అర మీటర్ కాడ 95 ఉన్న బండి ఎనిమిది మీటర్ల కాడ 71 అయితది. అదే 95 ఏడు మీటర్ల కాడ కొలిచినదైతే, సైలెన్సర్ పక్కన నిలబడ్డోని చెవి పని అయిపోయినట్టే. మన దేశంలో కంపెనీ బండి తయారు చేసేటప్పుడు పాటించాల్సిన పట్టికలో 80 సీసీ దాకా 75 డెసిబెల్స్, 175 సీసీ దాకా 77, అంతకు మించితే 80 అని ఉంటది. అది నడుస్తున్న బండి గేరులో ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి పోతుంటే ఏడున్నర మీటర్ల పక్కన మైకు పెట్టి కొలిచే లెక్క. నిలబడ్డ బండికి వేరే పద్ధతి. నోటికి అర మీటర్ దూరంలో, 45 డిగ్రీల పక్కకు మైకు పెట్టి, ఇంజిన్‌ను గరిష్ఠ పవర్ ఇచ్చే ఆర్‌పీఎంలో సగం దాకా లేపి చూస్తరు. రెండు అంకెలను కలిపి అమ్మేటోళ్ళు చాలామంది.

మనకు మీటర్ లేదు, మావాని దగ్గర ఫోన్ ఉంది. ఫోన్ యాప్‌ను ఎంతవరకు నమ్మొచ్చో నేను ముందే చూసి పెట్టుకున్న. మా సేఫ్టీ ఆఫీసర్ మీటర్‌ను రోజూ ఒక చిన్న డబ్బాలో పెట్టి, 94 చూపిస్తుందా లేదా సరిచూసుకుని మొదలుపెడతడు. దాని పక్కన నా ఫోన్ పెట్టి చూసిన. మామూలు చప్పుడుకు రెండు మూడు తేడా. బ్రేకర్ దగ్గర మీటర్ 108 చూపిస్తే నా ఫోన్ 93 కాడ ఆగిపోయింది, ఇంకా పైకి పోలే. ఫోన్ మైకు మాటల కోసం చేసింది, దానికి అంత చప్పుడు తెలవదు. కాబట్టి ఫోన్ అంకెను పట్టుకుని పోలీసుతో వాదించొద్దు. కానీ అదే ఫోన్, అదే జాగా, అదే ఎక్సలేటర్ అయితే పాతదానికి కొత్తదానికి తేడా తెలుసుకోవడానికి పనికొస్తది. మా బండికి ఆర్‌పీఎం ముల్లు లేదు, అందుకని ఎక్సలేటర్ గ్రిప్పు మీద తెల్ల టేపు ముక్క అతికించి, ప్రతిసారి అక్కడిదాకే తిప్పమన్న. కచ్చితమైన లెక్క కాదు, పోల్చడానికి చాలు.

రెండు ఆదివారాలు పట్టింది. మొదట జాలీ లేకుండా. అర మీటర్ కాడ మావాని ఫోన్ 98కి పోయి గోడకు తగిలినట్టు ఆగిపోయింది, అంటే అసలు ఎంతనో తెలవదు. జాలీ బిగిస్తే 93. అటక మీదున్న కంపెనీ సైలెన్సర్ దించి బిగిస్తే 86. ఇదంతా మధ్యాహ్నం, ఊరవతల మా పొలం కాడ.

తర్వాత ఇంటికి పోయి ఫోన్ నాయనమ్మ మంచం మీద, దిండు పక్కన పెట్టమన్న. కిటికీ తెరిచి, బండి రోజూ ఉండే జాగాలోనే, ఎక్సలేటర్ తిప్పకుండా ఉత్త స్టార్టింగ్. మా ఆవిడ ఫోన్ చూసుకుంట అంకెలు చదివింది. జాలీ లేకుండా 72. జాలీతో 63. కంపెనీది 57. మా అమ్మ పక్కన కుర్చీలో కూసుని ఇదంతా చూస్తంది, "ఏం లెక్కలు పెడుతున్నరు, నాకు బీపీ చూస్తున్నరా?" అని.

72కూ 57కూ పదిహేను తేడా. చెవికి దగ్గర దగ్గర మూడింతలు, శక్తి లెక్కలో ముప్పై రెట్లు. మన దేశంలో ఇళ్ళుండే జాగాలో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 దాటొద్దని నియమం ఉంది. అది కొన్ని గంటల సగటుకు పెట్టిన లెక్క, ఒక్క బండి స్టార్టింగ్‌కు నేరుగా అతికించలేం. అయినా ఐదింటికి 72 అంటే ఎంత దూరంలో ఉన్నమో అర్థమవుతది. కంపెనీది కూడా దాటుతున్నదని మావాడు పట్టుకున్నడు. "అంటే కంపెనీది కూడా తప్పేనా బాపు?" అన్నడు. మంచి ప్రశ్న. సైలెన్సర్ ఎంత మంచిదైనా తెల్లారగట్ల కిటికీ కింద స్టార్ట్ చేస్తే తప్పే. బండిని సందు చివరిదాకా తోసుకపోయి స్టార్ట్ చేయమన్న. "నూట తొంభై కిలోలు బాపు!" అన్నడు. "రన్నింగ్‌కే కదా పోయేది, వార్మప్ అయితది" అన్న.

ఇంకో సంగతి, మా అమ్మ "గుండె మీద గుద్దినట్టు" అన్నది చూడు, అది ఉత్త మాట కాదు. మీటర్‌లో మామూలుగా వాడే "ఏ" అనే కొలత మన చెవి వినే తీరును బట్టి పెట్టింది. లోతైన, బరువైన సౌండును అది తక్కువగా లెక్కేస్తది. బుల్లెట్ డబ్ డబ్ అంతా ఆ బరువైన సౌండే. గోడలను, తలుపులను ఎక్కువ దాటుకుని వచ్చేది కూడా అదే. సన్నటి సౌండు గోడ కాడ ఆగుతది, మోటు సౌండు లోపలికి వస్తది. అందుకే అంకె ఒకటే ఉన్న రెండు బండ్లలో ఒకటి కిటికీ అద్దాలు కదిలిస్తది, ఇంకోటి కదిలించదు. ఈ సంగతి ఏ స్టిక్కర్ మీదా ఉండదు. మంచం కాడ నిలబడి వింటేనే తెలుస్తది.

మావాడు వాదించకుండా ఊకోలే. వాని వాదనలు కూడా చెప్తా, మీ పిల్లలూ అవే చెప్తరు కాబట్టి.

ఒకటి, పవర్ పెరుగుతది అని. రేసు ఇంజిన్‌కు, మొత్తం ట్యూనింగ్ చేస్తే, పెరగొచ్చు. ఇరవై హార్స్‌పవర్ ఇంజిన్‌కు చివరి డబ్బా ఒక్కటి మార్చితే పెరిగేది సౌండు, సౌండు వల్ల స్పీడు పోతున్నం అన్న భ్రమ. పైగా 2020 నుంచి వచ్చిన బీఎస్6 బండ్లల్ల బెండ్ పైపుకు ఆక్సిజన్ సెన్సర్ ఉంటది, పొగను శుభ్రం చేసే కన్వర్టర్ ఉంటది. పూర్తి పైపు మార్చితే ఆ కన్వర్టర్ కూడా పోతది. గాలి లెక్క తప్పితే ఎక్సలేటర్ వదిలినప్పుడు టపాకాయల్లెక్క పేలుతది. కుర్రాళ్ళు దాన్నే గొప్ప అనుకుంటరు. మెకానిక్ చెవికి అది ఏదో లెక్క తప్పిందన్న గుర్తు.

రెండు, "సౌండుంటే లారోళ్ళు జరుగుతరు బాపు, సేఫ్టీ" అని. సైలెన్సర్ నోరు ఎటు ఉంది? వెనక్కి. మనకు ప్రమాదం ఎక్కువ వచ్చేది ముందు నుంచి, పక్క నుంచి. అద్దాలెత్తి ఏసీ వేసుకున్నోనికి నువ్వు పక్కకు వచ్చేదాకా వినపడదు. ముందుకు వినిపించడానికి హారన్ ఉంది, కనపడడానికి లైటు ఉంది.

మూడోది వాడు చెప్పలే, నేనే అడిగిన. "నువ్వు వస్తున్నవని ఊళ్ళో తెలవాలనా?" అని. వాడు నవ్విండు. "నువ్వే కదా బాపు సూపర్ అన్నది" అన్నడు. దానికి నా దగ్గర జవాబు లేకుండె.

చట్టం సంగతి చెప్పి ముందుకు పోతా. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు, లైసెన్స్ కూడా మూడు నెలలు పోవచ్చు. మాకు వెయ్యితో పోయింది. బండిని అనుమతి లేకుండా మార్చితే 182ఏ కింద ఓనర్‌కు వేరే శిక్ష ఉంది, ఒక్కో మార్పుకు 5,000 జరిమానా. ఓనర్ అంటే ఆర్‌సీ మీద పేరున్నోడు. గల్ఫ్‌లో ఉండి ఇంటికాడ బండి కొనిచ్చిన మనలాంటోళ్ళం చాలామందిమి ఆ ఓనర్లం, యాది పెట్టుకోండి. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరుసగా పరిచి రోడ్డు రోలర్ ఎక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటరు. మావానికి ఆ వీడియో పంపితే ఏడుపు మొహం బొమ్మ పెట్టిండు, ఏడు వేలు కళ్ళముందు చదునైనట్టు అనిపించిందట.

డెలివరీ తమ్ముళ్ళకు రెండు మాటలు. ఈ దేశంలో చప్పుడు చేసే బండి నడిపితే 2,000 దిర్హాములు, 12 బ్లాక్ పాయింట్లు. 24 నిండితే లైసెన్స్ ఆపేస్తరు, అంటే రెండుసార్లతో మీ కొలువు రోడ్డు మీదికి వచ్చినట్టు. మీరు సైలెన్సర్ మార్చకపోయినా సౌండు పెరగొచ్చు. తుప్పుకు అడుగున చిల్లు పడుతది. లేకపోతే ఇంజిన్ కాడ బెండ్ పైపు కింద రింగు కాలిపోతది, అప్పుడు స్టార్టింగ్‌లో టప్ టప్ టప్ అని ఎండు చప్పుడు వస్తది. పొద్దున ఇంజిన్ చల్లగ ఉన్నప్పుడు అరచేతిని ఆ జాయింటుకు కొంచెం దూరంలో పెట్టి స్టార్ట్ చేస్తే గాలి తగులుతది. వేడెక్కినంక పెట్టొద్దు, చర్మం పోతది. కంపెనీ బండి అయితే ఫొటో తీసి, తేదీతో మెసేజ్ పెట్టి ఉంచుకోండి. తర్వాత నువ్వే మార్చినవంటే చూపించడానికి ఉంటది.

మీ చెవికి అన్నిటికన్నా పెద్ద శత్రువు సైలెన్సర్ కాదు, గాలి. వంద స్పీడులో హెల్మెట్ లోపల గాలి హోరు సైట్ మిషన్లతో పోటీ పడుతది. హెల్మెట్ తలను కాపాడుతది గానీ ఆ హోరును ఆపదు. రోజుకు పది పన్నెండు గంటలు రోడ్డు మీద ఉండేటోళ్ళు చిన్న ఫోమ్ ప్లగ్ సంగతి ఆలోచించండి. హారన్, సైరన్ వినపడుతున్నయో లేదో ముందు మెల్లగ నడిపి చూసుకుని, మీ కంపెనీ రూల్ కూడా అడిగి. హోరును మించి వినపడాలని అదే హెల్మెట్‌లో ఫుల్ సౌండుతో పాటలు మాత్రం పెట్టకండి. నేను చెవి పోగొట్టుకున్న తీరు కూడా అదే, ఒక చప్పుడు మీద ఇంకో చప్పుడు.

మరి సైలెన్సర్ మార్చుకోవాలనే ముచ్చట ఉన్నోడు ఏం కొనాలె అని అడుగుతరు. ఆ మోడల్‌కు కంపెనీ వాళ్ళే ఆమోదించి షోరూంలో అమ్మేది ఉంటే అది కొనండి, బిల్లు బండిలో పెట్టుకోండి. సౌండు ఎక్కువ లేకుండానే గొంతు మారినట్టు ఉంటది, ఖరీదు మాత్రం ఎక్కువ. బయటిది కొంటే జాలీ విప్పకుండా ఉండేది, ఏ దూరంలో ఏ ఆర్‌పీఎంలో కొలిచిండ్రో రాసి ఉన్నది చూడండి. అయినా చలాన్ పడే ప్రమాదం పోదు. గ్లాస్ వుల్ ఉన్నది అయితే, ఆ పీచు వేడికి కాలి, కొంచెం కొంచెం ఎగిరిపోయి, కొన్నప్పటి కన్నా తర్వాత సౌండు పెరుగుతదని తెలుసుకుని కొనండి. షాపులో విన్న సౌండు ఆరు నెలల తర్వాతి సౌండు కాదు. అన్నిటికన్నా ముందు, షాపు కాడ రోడ్డు మీద విని నిర్ణయం తీసుకోవద్దు. రోడ్డు మీద అన్నీ చప్పుళ్ళే, దాంట్లో ఏదైనా కలిసిపోతది.

మావాడు కంపెనీ సైలెన్సరే తిరిగి బిగించిండు. రెండు వారాలు మొహం ముడుచుకున్నడు. ఆ తర్వాత ఒకరోజు వాడే ఫోన్ చేసి, "బాపు, పాత సైలెన్సర్‌తో ఇంజిన్ సౌండు మంచిగ తెలుస్తుంది, చైన్ లూజైన సంగతి కూడా పట్టిన" అన్నడు. నేను మే నెలలో పదిహేను రోజుల సెలవుకు పోయిన. మొదటి రోజు తెల్లారగట్ల మెలకువ వచ్చి చూస్తే మావాడు చీకట్లో బండిని సందు చివరికి తోసుకపోతున్నడు. మా అమ్మ పడుకునే ఉంది. ఏడింటికి లేచి, "పిలగాడు ఇయ్యాళ గ్రౌండుకు పోలేదా?" అని అడిగింది.

మిగిలిన లొల్లి ఒకటే. ఆ ఏడు వేల సైలెన్సర్ అటక మీద ఉంది. వాళ్ళ దోస్తు ఒకడు నాలుగు వేలకు అడుగుతున్నడట. మావాడు అమ్ముదామంటడు, చెడిపోని సామాను ఊకె ఉంచుడెందుకు అంటడు. నేను వద్దన్న. ఆ దోస్తు ఇంట్లో కూడా ఒక నాయనమ్మ ఉంటది కదా అన్న. "అయితే తుక్కుకు వేద్దామా, కిలో లెక్కన నూరు రూపాయలు కూడా రావు" అని వాడు. జాలీని వెల్డింగ్ చేసి ఇక విప్పరాకుండా చేసి ఇద్దామా అని కూడా అనుకున్నం, అయినా 93 కాడనే ఉంటది. మొన్న శుక్రవారం కూడా దీని మీదే మాట్లాడుకున్నం. ఇంకా అటక మీదనే ఉంది.